పులిరాజా భార్య సంగతేంటి? హెచ్‌ఐవి నివారణ కార్యక్రమాన్ని మన ఊరి ఆడవాళ్లకు తగ్గట్టు మలచుకునే పద్ధతి

ఇరవై ఏళ్ల కిందట మన ఊళ్లలో ఏ గోడ చూసినా ఒకటే ప్రశ్న కనిపించేది: "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" బస్టాండులో, హోర్డింగుల మీద, చివరికి చిన్నపిల్లల ఆటల్లో కూడా అదే మాట. ఎయిడ్స్ అనే పేరును ఆ ప్రచారం ఇంటింటికీ చేర్చింది, కాదనలేం. కానీ అడిగింది పులిరాజా గురించే. పులిరాజా భార్యకు వస్తుందా అన్న ప్రశ్న మాత్రం నేను చూసిన ఏ గోడ మీదా లేదు.

ఆ భార్య కోసం పనిచేసేవాళ్లకే ఈ వ్యాసం. స్వచ్ఛంద సంస్థల్లో ఉన్నవాళ్లు, గ్రామ సమాఖ్య లీడర్లు, ఆశాలు, ఏఎన్‌ఎంలు, కౌన్సెలర్లు, సోషల్ వర్క్ చదివే పిల్లలు ఎవరైనా వాడుకోవచ్చు. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవితో జీవిస్తున్నారు. వాళ్లలో నూటికి 45 మంది ఆడవాళ్లు. పెద్దవాళ్లలో దేశ సగటు 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47 శాతం. అంటే ఇది మనకు పక్కవాళ్ల సమస్య కాదు.

ఎక్కడో బాగా పనిచేసిన కార్యక్రమాన్ని తెచ్చుకుని, మాన్యువల్ తెలుగులోకి మార్చి, బొమ్మల్లో ఆడవాళ్లకు చీర కట్టి, బొట్టు పెడితే మన సంస్కృతికి తగ్గట్టు మలిచేశామని అనుకుంటాం. నేనూ మొదట్లో అలాగే చేశాను, ఆ తప్పుకు ఒక ఊరంతా ఆరు నెలలు మమ్మల్ని దూరం పెట్టింది. ఆమె చేతిలో ఏముందో, ఏం లేదో తెలుసుకుని, ఉన్నదానితో ఆమె వేయగల అడుగు ఏదో వెతకాలి. మలచడం అంటే అదీ. మిగతాదంతా అచ్చు ఖర్చే.

1. ముందు ఏ ఆడవాళ్లో తేల్చుకోండి

ప్రపోజల్‌లో "మహిళలు" అని రాసేస్తాం. కానీ జాతీయ రహదారి మీద లారీ నడిపే మనిషి భార్య వేరు, పాలమూరు నుంచి ముంబైకి భర్తతో పాటు మట్టి పనికి పోయే ఆమె వేరు, భర్త గల్ఫ్‌లో ఉండి రెండేళ్లకోసారి వచ్చే కరీంనగర్ ఇల్లాలు వేరు. తండాలో లంబాడీ మాట్లాడే ఆమెకు మన తెలుగు కరపత్రం సగమే ఎక్కుతుంది. హైదరాబాద్ పాతబస్తీలో దక్కనీ ఉర్దూ లేకుండా గుమ్మం దాటలేరు. 1988లో చట్టం వచ్చి దేవదాసీ, జోగిని వ్యవస్థను నిషేధించినా ఆ పేరు మోస్తున్న ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లతో మాట మొదలుపెట్టే తీరే వేరు.

సెక్స్ వర్కర్ల విషయంలో మన దగ్గర దారి కొంత పడి ఉంది. 1992లో కోల్‌కతాలో సెక్స్ వర్కర్లు ఉండే సోనాగాచి పేటలో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన పని హెచ్‌ఐవి నివారణను వృత్తిలో భద్రత విషయంగా చూసింది. నడిపే బాధ్యతను ఆ ఆడవాళ్లకే అప్పగించింది. 2003 నుంచి ఆవాహన్ అనే హెచ్‌ఐవి నివారణ కార్యక్రమం మన ఉమ్మడి రాష్ట్రంలోనూ పెద్ద ఎత్తున నడిచింది. విటుడితో కండోమ్ గురించి బేరమాడటం వాళ్లకు పనిలో భాగం. పెళ్లాం మొగుడి ముందు అదే మాట ఎత్తడం కాపురానికే ప్రశ్న. అందుకే అక్కడి పాఠాన్ని ఇక్కడికి తేవడం కుదరదు.

ఈ వ్యాసంలో నేను తీసుకున్నది ఒక్క గుంపే: పనుల కోసం భర్తలు బయట ఊళ్లకు పోయే ఇళ్లలోని పెళ్లయిన ఆడవాళ్లు, డ్వాక్రా సంఘాల్లో ఉన్నవాళ్లు. మీ గుంపు వేరైతే అడుగులు ఇవే, జవాబులు మారతాయి.

2. మాట్లాడే ముందు వినండి

కనీసం నెల రోజులు. ఫండ్ ఇచ్చినవాళ్లు తొందర పెడతారు, అయినా తగ్గించొద్దు.

సర్వే ఫారం పట్టుకుని వెళ్లి "మీకు హెచ్‌ఐవి గురించి తెలుసా?" అని అడిగితే "తెలుసు" అంటారు, అయిపోతుంది. ఆ తెలుసు ఎంతో చూడండి: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హెచ్‌ఐవి గురించి సమగ్రంగా తెలిసిన ఆడవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 22 మంది కూడా లేరు. కాబట్టి ప్రశ్నల్తో కాకుండా పనులతో మొదలుపెట్టండి.

నేల మీద ముగ్గుపిండితో ఏడాది గీయించండి. నాట్లు ఎప్పుడు, కోతలు ఎప్పుడు, మగవాళ్లు ఎప్పుడు పోతారు, ఎప్పుడు వస్తారు, చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుంది, అప్పు ఎప్పుడు పుడుతుంది, తాగుడు ఎప్పుడు ఎక్కువ. అరగంటలో ఆ ఊరి బతుకు మీ ముందు పరుచుకుంటుంది. సంక్రాంతికి ఊరు నిండుతుంది, తెలంగాణలో దసరా, బతుకమ్మకు కూడా అంతే. మీ పాఠాల్లో భర్తతో మాట్లాడే పాఠం ఆ రాకకు మూడు వారాల ముందు పడాలి. పండగ అయ్యాక చెప్పి లాభం లేదు.

తర్వాత ఆడ మనిషి ఒంటి బొమ్మ గీయించి, ఎక్కడెక్కడ బాధ ఉంటుందో చూపించమనండి. నడుం నొప్పితో మొదలవుతుంది, కాసేపటికి ఎవరో ఒకరు "తెల్లబట్ట" అంటారు. తలుపు తెరుచుకునేది అక్కడే. తెల్లబట్ట గురించి మాట్లాడటం సిగ్గు కాదు, జబ్బు గురించి మాట్లాడటం. అక్కడి నుంచి సుఖవ్యాధులకు, వాటి నుంచి హెచ్‌ఐవికి దారి తిన్నగా ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త: తెల్లబట్ట ప్రతిసారీ సుఖవ్యాధి కాదు, చాలాసార్లు మామూలే. ఆ మాట గట్టిగా చెప్పకపోతే ఊరంతా టెన్షన్ పడుతుంది.

అత్తలను, ఆర్‌ఎంపీని, మందుల షాపు అబ్బాయిని కూడా వినండి. నిరోధ్ ఎవరు కొంటున్నారో, కొనడానికి ఎవరు జంకుతున్నారో ఆ అబ్బాయికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కానీ అతన్ని ఎవరి పేరూ అడగొద్దు.

3. దేన్ని మలుస్తున్నారో ఎంచుకోండి

సొంతంగా సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. అమెరికాలో 1990ల్లో శాన్ ఫ్రాన్సిస్కోలోని నల్లజాతి ఆడవాళ్ల కోసం సిస్టా అనే కార్యక్రమం పుట్టింది. ఐదు సమావేశాలు, చిన్న గుంపు, నడిపేది కూడా నల్లజాతి మహిళే. తమ మీద తమకు గౌరవం, మాట నెగ్గించుకునే నేర్పు, కండోమ్ వాడే నైపుణ్యం, ఈ మూడూ కలిపి అల్లారు. దాన్నే తర్వాత లాటినా ఆడవాళ్లకు, దక్షిణాఫ్రికాలో ఖోసా మాట్లాడే ఆడవాళ్లకు మలిచారు. సిస్టాను తయారుచేసిన వింగుడ్, డిక్లెమెంటే 2008లో ఈ మలిచే పనికే అడాప్ట్-ఇట్ అని ఒక వరస రాసిపెట్టారు. ఈ వ్యాసంలో అడుగులు చాలా వరకు ఆ వరసకు దగ్గరగానే ఉంటాయి.

అయితే మన డ్వాక్రా సంఘాలకు ఇంకా దగ్గర చుట్టం వేరే ఉంది. దక్షిణాఫ్రికా లింపోపో ప్రాంతంలో ఇమేజ్ అనే కార్యక్రమం నడిచింది. పేద ఆడవాళ్ల పొదుపు, అప్పు గ్రూపులు అప్పటికే ఉన్నాయి. రెండు వారాలకోసారి జరిగే ఆ మీటింగుల్లోనే గంట సేపు చొప్పున పది పాఠాలు పెట్టారు. వంటింటి పని ఎవరిది అన్న దగ్గర మొదలై, ఒళ్లు, కొట్టడం, హెచ్‌ఐవి దాకా వచ్చారు. రెండో దశలో ఆ ఆడవాళ్లే ఊరిని కదిపారు. 2006లో వచ్చిన ఫలితాల్లో భర్త లేదా సహచరుడి చేతిలో దెబ్బలు తినడం సగానికి పైగా తగ్గింది. కొత్తగా హెచ్‌ఐవి సోకడం మాత్రం ఆ కాలంలో తగ్గినట్టు కనిపించలేదు. ఈ రెండు సంగతులూ ఫండ్ ఇచ్చేవాళ్లకూ, మీ బృందానికీ ముందే చెప్పండి. పది పాఠాలతో వైరస్ ఆగదు. కానీ దెబ్బలకు భయపడే మనిషి నోట కండోమ్ మాట రాదు, ఆ భయం సగం తగ్గిందంటే అది చిన్న విషయం కాదు. మన దగ్గరా ఆ భయం చిన్నది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా, ఆంధ్రలో పదిమందిలో ముగ్గురు దాకా భర్త చేతిలో హింస చూశామని చెప్పారు.

ఎంచుకున్నాక ఒక్క కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒకవైపు మార్చకూడనివి: చిన్న గుంపు, నడిపేది ఆడ మనిషి, నోటితో చెప్పడం కాకుండా చేయించి నేర్పడం, ఆడ-మగ అధికారం గురించి మాట్లాడటం, కండోమ్ చేత్తో పట్టుకుని వాడటం నేర్చుకోవడం. రెండోవైపు మార్చగలిగేవి: కథలు, పేర్లు, పాటలు, సమయం, చోటు, పాఠాల వరస. మన దగ్గర ఎప్పుడూ జరిగే పొరపాటు ఏంటంటే, "మన ఆడవాళ్లు ఒప్పుకోరు" అంటూ మొదటి గడిలోవి తీసేస్తాం. కండోమ్ చూపించడం తీసేసి, మొగుడూ పెళ్లాల అధికారం తీసేసి, దీపం వెలిగించి ఎర్ర రిబ్బన్ ముగ్గు వేస్తాం. చివరికి మిగిలేది ఫొటో ఒక్కటే.

4. ఆపరేషన్ అయిపోయినామెకు నిరోధ్ ఎందుకు?

ఈ అడుగు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బయటి నుంచి వచ్చిన ఏ మాన్యువల్‌లోనూ నాకు దీనికి జవాబు దొరకలేదు.

గోదావరి జిల్లాలో ఒక సంఘం మీటింగ్. అంగన్‌వాడీ గదిలో చాప మీద పద్నాలుగు మంది. నేను కండోమ్ ప్యాకెట్లు పంచి, ఎలా మాట్లాడాలో చెబుతున్నాను. నలభై దాటిన ఒకామె ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూసి, సంఘం పుస్తకం కింద పెట్టి అంది: "మేడం, నాకు ఆపరేషనై పద్దెనిమిదేళ్లయింది. ఇది తీసుకెళ్తే మా ఆయన అడిగేది ఒకటే మాట. ఎవడి దగ్గరికి పోయొచ్చావే అంటాడు. నన్నంటాడు గానీ, తన సంగతి తీసుకోడు." ఎవరూ నవ్వలేదు. పక్కనున్న చిన్న పిల్ల, పాతికేళ్లు ఉంటాయేమో, "నాకూ అయిపోయిందక్కా" అంది.

లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. తెలంగాణలో 60 శాతం పైన. చాలామందికి పాతికేళ్లు దాటకముందే. మన సమాజంలో పెళ్లాం చేతిలో నిరోధ్ ఉండటానికి మర్యాదైన కారణం ఒక్కటే: పిల్లలు వద్దనుకోవడం. ఆపరేషన్‌తో ఆ కారణం పోతుంది. మిగిలేది అనుమానం. అనుమానం ఎప్పుడూ పైనుంచి కిందకే పారుతుంది, అంటే ఆమె మీదకే. ఆఫ్రికాలోనో, అమెరికాలోనో పుట్టిన పాఠం "మీ భర్తతో ధైర్యంగా మాట్లాడండి" అంటుంది. ఆపరేషన్ అయినామె ఆ మాట అన్నప్పుడు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆ పాఠం రాసినవాళ్లకు తెలిసే వీలు లేదు.

ఇలాంటిచోట పరిష్కారం మీరు చెప్పొద్దు. నాటకం వేయించండి. ఇద్దరు లేచి, ఒకరు భర్త, ఒకరు భార్య. మిగతావాళ్లు చప్పట్లు కొట్టి ఆపవచ్చు, "ఇలా అనవే" అని మాట అందించవచ్చు. మా దగ్గర వచ్చిన జవాబులు కొన్ని చెబుతాను, పేర్లు కల్పితం.

ఒక సంఘంలో లక్ష్మి పాత్ర వేసినామె భర్తతో ఇలా అంది: "ఏమండీ, ఈ నెల మా సంఘంలో అందరికీ ఇచ్చారు. నాకొక్కదానికే కాదు, పెసిడెంటు వదినకీ ఇచ్చారు. వాడిందీ లేనిదీ ఎవరూ అడగరు, కానీ తిప్పి ఇవ్వకూడదట." అనుమానం ఒక్క మనిషి మీద నుంచి సంఘం మీదకు పోయింది. ఇదే ఇమేజ్‌లో గుంపు ఉండటానికి అసలు కారణం, మన ఆడవాళ్లు దాన్ని తమ మాటల్లో కనిపెట్టారు. ఆ మాట నిజం కావాలంటే ప్యాకెట్లు నిజంగానే అందరికీ ఇవ్వాలి, "అవసరమైనవాళ్లు తీసుకోండి" అంటే మళ్లీ వేలు ఒకరి వైపే చూపిస్తుంది.

తెలంగాణ వైపు ఒకామె ఇంకో దారి చూపించింది: "నువ్వు బొంబాయి నుంచి వచ్చినవ్, బీపీ, షుగర్ సూపిచ్చుకుందాం పా. నేను గూడ సూపిచ్చుకుంట. రక్తం తీసినంక అన్నీ ఒక్కటే పారి సూస్తరు." పండగకు వచ్చిన మగవాళ్లకు బీపీ, షుగర్‌తో పాటు హెచ్‌ఐవి పరీక్ష పెట్టే ఆరోగ్య శిబిరం అక్కడి నుంచే పుట్టింది. దీనిలో ఒక షరతు: హెచ్‌ఐవి పరీక్ష అని ముందే చెప్పి, ఒప్పుకున్నాకే చేయాలి. శిబిరం వంకతో చెప్పకుండా రక్తం పరీక్షించడం చట్టవిరుద్ధం.

మూడోది సుఖవ్యాధికి చికిత్స జరుగుతున్నప్పుడు. ఇద్దరూ మందులు వాడాలి, అయ్యేదాకా కండోమ్ వాడాలి అని డాక్టరే చెబుతారు. అది వంక కాదు, వైద్యమే. కానీ ఆ గడువు దాటాక మళ్లీ మొదటికొస్తుంది, అందుకే దీని మీదే ఆధారపడొద్దు.

ఇవేవీ కుదరని ఇళ్లు ఉంటాయి. ఆ ఇంటి ఆమెను "ఇంకోసారి ప్రయత్నించమ్మా" అని తోయకండి. ఆమెకు ముందు కావాల్సింది ప్రాణానికి భద్రత. ఒంటరిగా వెళ్లి పరీక్ష చేయించుకునే దారి, 2005 గృహహింస చట్టం కింద సాయం అందే చోటు, 1097 ఎయిడ్స్ హెల్ప్‌లైన్ నంబరు ఆమెకు తెలిసేలా చూడండి. ఆమె అలా బయటపడలేకపోవడం మన పాఠం ఫెయిలవడం కాదు, మగవాళ్లతో మనం చేయాల్సిన పని మిగిలే ఉందని అర్థం.

5. మాటలు

"లైంగిక సంపర్కం" అని ఎవరి ఇంట్లోనూ అనరు. "కలవడం" అంటారు, "దగ్గరికి రావడం" అంటారు. మీ ఊళ్లో ఏమంటారో రెండో అడుగులో రాసుకున్న మాటలే వాడండి. కండోమ్‌ను చాలాచోట్ల ఇప్పటికీ నిరోధ్ అనే అంటారు.

"తప్పు చేస్తే వస్తుంది", "అక్రమ సంబంధాల వల్ల వస్తుంది" అన్న మాటలు పూర్తిగా తీసేయండి. వినే ఆమె ఏమనుకుంటుంది? "నేను తప్పు చేయలేదు, నాకు రాదు." ఆమెకు ప్రమాదం తన నడవడి నుంచి రావడం లేదు. ఒక్క వాక్యంతో ఆమెను మన పాఠం నుంచి బయటకు పంపేశాం, రేపు నిజంగా వచ్చినామె మీద తప్పు చేసిందన్న ముద్ర కూడా మనమే వేశాం.

"పాజిటివ్" అనే మాట దగ్గరా ఆగండి. గర్భిణికి ఇచ్చే కార్డులో బ్లడ్ గ్రూపు "బి పాజిటివ్" అని ఉంటుంది. అది చూసి హడలిపోయినామెను నేను చూశాను, "పాజిటివ్ అంటే మంచిదేగా" అనుకున్నామెనూ చూశాను. కరోనా తర్వాత ఆ మాట జబ్బుకు గుర్తని కొంత తెలిసింది, గందరగోళం మాత్రం పోలేదు. బ్లడ్ గ్రూపు పాజిటివ్ వేరు, హెచ్‌ఐవి పాజిటివ్ వేరు అని కార్డు చూపించి మరీ చెప్పండి.

"ఎయిడ్స్ బాధితురాలు" వద్దు. "హెచ్‌ఐవితో జీవిస్తున్న ఆమె" అనండి.

6. సంస్కృతిలో దేన్ని వాడుకోవాలి, దేన్ని వదిలేయాలి

ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే అనే సామెత ఆడపిల్లల మీటింగుల్లో ఎన్నిసార్లు విన్నామో. ఆడవాళ్లు వెంటనే తలూపుతారు, మనవాళ్ల మాట కాబట్టి చేరుతుంది. కానీ అది చేర్చేది ఏంటి? చిరగడం నీ రాత అని. ముల్లును ఎవరూ ఏమీ అనరు. ఇలాంటివి ఎంత తెలుగైనా పక్కన పెట్టండి. భర్తను కాపాడుకున్న పతివ్రత కథలూ అంతే. హెచ్‌ఐవి విషయంలో అవి భార్యను ఇంకా మౌనంగా ఉండమనే చెబుతాయి.

వాడుకోవాల్సిన జ్ఞాపకాలు మనకు వేరే ఉన్నాయి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడి పాఠం తమ బతుకు గురించే ఉండేసరికి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది, 1993లో సారా నిషేధం వచ్చింది. చదువు రాని ఆడవాళ్లు, మగవాళ్ల తాగుడు లాంటి "ఇంటి గుట్టు"ను ఊరి సమస్యగా మార్చారు. మన పని కూడా అలాంటిదే, కాబట్టి ఆ కథతో మొదలుపెట్టండి. ముసలమ్మలు ఆ రోజులు గుర్తు చేసుకుంటారు, అత్తలు మీ వైపు వచ్చేది అక్కడే.

పాటలు, బుర్రకథ, ఒగ్గుకథ, జముకుల కథ బాగానే పనికొస్తాయి, ఊరంతటికీ విషయం చేర్చడానికి. నైపుణ్యం నేర్పడానికి పనికిరావు. అది చిన్న గదిలో, తలుపు వేసుకుని జరగాలి.

7. చోటు, సమయం, నడిపే మనిషి

రామాలయం మండపంలో మీటింగ్ పెడితే నెలసరిలో ఉన్న ఆడవాళ్లు రారు, దళితవాడ వాళ్లు వెనకే నిలబడతారు, ముస్లిం, క్రైస్తవ ఆడవాళ్లు రాలేరు. అంగన్‌వాడీ, బడి మేలు. నాట్ల రోజుల్లో పగలు పెట్టొద్దు.

నడిపే ఆమె అదే ఊరిదైతే నమ్మకం ఉంటుంది కానీ గుట్టు ఉండదన్న భయమూ ఉంటుంది. పక్క మండలం ఆమె నడిపి, ఆ ఊరి లీడరు పిలుచుకొచ్చేలా పెడితే మాకు బాగా కుదిరింది. హెచ్‌ఐవితో జీవిస్తూ బయటకు చెప్పుకోవడానికి తానే ముందుకొచ్చిన మహిళ ఒకరు ఒక్క సమావేశానికి వచ్చినా మీ పది చార్టులూ చేయలేని పని చేస్తుంది. ఆమెకు కూలి ఇవ్వండి, సేవ పేరు చెప్పి ఊరికే పిలవొద్దు.

సంఘంలో పాఠం పెట్టడంలో ఒక ప్రమాదం ఉంది. హాజరుకు, అప్పుకు ముడి పెట్టొద్దు. రాకపోతే ఫైన్ వద్దు. ఫలానా ఆమెకు హెచ్‌ఐవి ఉందన్న పుకారు లేస్తే రేపు ఆమెకు అప్పు పుట్టదు, పూచీ ఉండేవాళ్లు దొరకరు. అందుకే "మీ అనుభవం చెప్పండి" అని ఎప్పుడూ అడగొద్దు. అంతా లక్ష్మి కథగా, సుజాత కథగానే నడవాలి. ఎవరి కథో వాళ్లకు తెలుస్తుంది.

8. గర్భిణికి పరీక్ష ముందు జరుగుతుంది, నిందా ముందే పడుతుంది

గర్భం రాగానే మిగతా పరీక్షలతో పాటు హెచ్‌ఐవి పరీక్ష చేస్తారు. మంచిదే: మందులు వాడకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం, సరిగా వాడితే 5 శాతం లోపే. కానీ ఇంట్లో మొదట పరీక్ష జరిగేది కోడలికి. మొదట తెలిసిందామెకు కాబట్టి ఆమే తెచ్చిందంటారు. పురిటికి పుట్టింటికి పంపి మళ్లీ పిలవని ఇళ్లున్నాయి.

అందుకే ఒక పాఠం మొత్తం అత్తలతో, కోడళ్లతో కలిపి దీని మీదే పెట్టండి. ముందు తెలియడం వేరు, ముందు సోకడం వేరు. చెరువులో నీళ్లు తగ్గితే ముందు కనిపించేది గట్టున ఉన్న రాయి, అంతమాత్రాన నీళ్లు తాగేసింది ఆ రాయి కాదు కదా అని ఒక అత్తగారే చెప్పింది, ఆ మాట మేం తర్వాత అన్ని ఊళ్లలోనూ వాడాం. మొదటి చెకప్‌కే భర్తను తీసుకెళ్లి ఇద్దరూ కలిసి పరీక్ష చేయించుకోవడం అలవాటుగా మార్చగలిగితే సగం నింద తగ్గుతుంది.

2017 హెచ్‌ఐవి చట్టాన్ని కూడా ఇక్కడే చెప్పండి. అది 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదు. ఫలితం భర్తకు తెలిస్తే హింస జరుగుతుందనో, వదిలేస్తాడనో సరైన భయం ఉంటే వైద్య సిబ్బంది అతనికి చెప్పకూడదని కూడా అందులో ఉంది. చాలామంది సిబ్బందికే ఈ సంగతి తెలియదు.

9. తప్పు పోకూడని సమాచారం

మలిచే క్రమంలో వైద్య విషయాలు వంకర పోతుంటాయి. పాఠాలు రాశాక ఏఆర్‌టి సెంటర్ (హెచ్‌ఐవికి మందులిచ్చే కేంద్రం) డాక్టర్, కౌన్సెలర్, ఒక లాయరు, హెచ్‌ఐవితో జీవిస్తున్న మహిళల సంఘం నుంచి ఒకరు చదవాలి. ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూడండి: హెచ్‌ఐవి ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ 2017 నుంచి వెంటనే ఉచితంగా మందులు మొదలుపెడుతున్నారు. మందులు రోజూ వాడి, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో అది కనిపించనంతగా తగ్గి, అలాగే నిలిస్తే కలవడం వల్ల భాగస్వామికి సోకదు. బలాత్కారం లాంటివి జరిగితే 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే నివారణ మందులున్నాయి. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది, హెచ్‌ఐవిని ఆపదు. ఈ చివరి వాక్యం వినడానికి చిన్నదే, కానీ ప్రతి ఊళ్లోనూ కనీసం ఒక్కరైనా "ఆపరేషన్ అయితే ఏ జబ్బూ రాదుగా" అని అడిగారు.

10. ఒకసారి ఆడించి చూడండి

అచ్చు వేయకముందు ఒక్క సంఘంలో పాఠాలన్నీ నడపండి. మీ బృందంలో ఒకరు మూలన కూర్చుని మనుషులనే చూడాలి: ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఒక్కసారిగా నిశ్శబ్దం, ఎవరు ఎవరి వైపు చూశారు, ఎవరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివర్లో "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ అయ్యిందంటారు. "ఇవాళ రానామెకు మీరు రేపు పొలంలో ఏం చెబుతారు?" అని అడగండి. ఆమె నోట తిరిగి వచ్చిందే మీ పాఠం.

మగవాళ్లకు వేరే గుంపు, మగ మనిషి నడిపేది, ఇదే సమయంలో నడవాలి. ఉగాండాలో 1995లో వచ్చిన స్టెప్పింగ్ స్టోన్స్ పద్ధతిలో ఆడ, మగ, వయసు ప్రకారం గుంపులు విడిగా కూర్చుని, మధ్యమధ్యలో కలుస్తాయి. 2008లో వచ్చిన దక్షిణాఫ్రికా పరిశోధనలో దాని వల్ల జననాంగ హెర్పిస్ మూడో వంతు దాకా తగ్గింది, మగవాళ్లు హింస తగ్గించుకున్నామని చెప్పారు. హెచ్‌ఐవిలో మాత్రం స్పష్టమైన తగ్గుదల రాలేదు. మన దగ్గర లారీ స్టాండులో, కూలి మేస్త్రీ దగ్గర, సెలూన్‌లో ఈ గుంపులు తేలిగ్గా కుదురుతాయి.

11. లెక్కలు రాసేటప్పుడు

ఎన్ని కండోమ్‌లు పంచామన్నది కొలత కాదు. జంటగా పరీక్షకు వచ్చినవాళ్లు ఎంతమంది, రెండో సమావేశానికి తిరిగొచ్చినవాళ్లు ఎంతమంది, 1097కు ఫోన్ చేయడం తెలిసినవాళ్లు ఎంతమంది, మీటింగ్‌కు వచ్చినందుకు ఇంట్లో గొడవైనవాళ్లు ఎంతమంది. ఈ చివరిది తప్పకుండా అడగండి, విడిగా, మెల్లగా. ఒక ఊళ్లో గొడవలు పెరుగుతుంటే పాఠాలు ఆపి ముందు మగవాళ్లతో కూర్చోండి.

హాజరు పుస్తకం మీద "ఆరోగ్య సమావేశం" అని మాత్రమే రాయండి. పరీక్షకు పంపినవాళ్ల పేర్లు ఆ పుస్తకంలో రాయొద్దు, ఫోన్‌లో గ్రూపుల్లో పెట్టొద్దు. అంకెలు మాత్రమే పైకి పంపండి. పేరున్న కాగితం ఏదీ సమాఖ్య ఆఫీసు బీరువాలో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు, ఎందుకంటే ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో ఊరందరికీ తెలుసు.